తెర ఎత్తే వేళ: ఏలూరు నాటకశాలలో నా ఉద్యోగం

మా ముత్తాత జగన్నాథరాయణింగారు కొల్లేటి ఒడ్డున ఆరు ఊళ్ళ ముఠాకు, అంటే చిన్న ఎస్టేటుకు, జమీందారు. ఆయన పల్లకీ ఏలూరు బజారులోకి వస్తే కొట్లలో కూర్చున్న వర్తకులు లేచి నిలబడేవారట. మా తాత వెంకటాద్రిరాయణింగారి నాటికి పల్లకీ పోయి గుర్రబ్బండి వచ్చింది, ఆరు ఊళ్ళు మూడయ్యాయి. అయినా కలెక్టరు దొర ఈ ప్రాంతానికి క్యాంపు వస్తే మా దివాణంలోనే దిగేవాడు. మా పెదనాన్నగారి, నాన్నగారి కాలంలో ఆ మూడు ఊళ్ళూ ఒక్కొక్కటే కోర్టు వ్యాజ్యాల్లో పోయాయి. నాన్నగారు చిన్న వయసులోనే కాలం చేశారు. నా దాకా వచ్చింది దివాణం అన్న పేరూ, ఏలూరు కాలవ గట్టున వారం వారం సంత జరిగే స్థలంలో పెదనాన్నగారితో ఉమ్మడి హక్కూ.

గొప్ప చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. నాకు ఉద్యోగం వచ్చింది ఆ పేరు వల్లే. ఉద్యోగంలో నేను ఎదుర్కొన్న అసలైన చిక్కు కూడా ఆ పేరు నుంచే పుట్టింది. అందుకని ముందుగా చెప్పక తప్పలేదు.

మొదట నాటకశాలలోనూ తర్వాత సినిమా హాల్లోనూ మేనేజరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఈ పనిలో చేరుతున్న కుర్రాళ్ళు అప్పుడప్పుడు వచ్చి, పని ఎలా ఉంటుందని అడుగుతుంటారు. వాళ్ళ కోసం నాలుగు మాటలు. జీతం ఎప్పుడు పెరిగింది, లైసెన్సుకు ఏ కాగితాలు పెట్టాలి వంటివి ఇక్కడ ఉండవు. అవి ఎవరైనా చెబుతారు.

పని

హాలు మేనేజరంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడేవాడని చాలామంది అనుకుంటారు. అసలు పని అది కాదు. ఊరు ఎప్పుడు తీరిగ్గా ఉంటుందో తెలుసుకోవడమే అసలు పని. పెంటపాడు రైతు నాట్లు పూర్తయ్యేదాకా నాటకం వైపు చూడడు. బియ్యం మిల్లులు ఆడుతున్నంతకాలం ఏలూరు వర్తకుడు కొట్టు వదలడు. తివాచీలు నేసే సాయిబుల పేటలో రంజాను నెలలో ఒక్క టిక్కెట్టు తెగదు, పండగ మర్నాడు మగవాళ్ళందరూ కట్టగట్టుకుని వస్తారు. మిషన్ బడి మాస్టార్లు శనివారం రారు, మర్నాడు పొద్దున్నే చర్చికి వెళ్ళాలి.

పంచాంగం చూడకుండా నాటకం తేదీ పెట్టకూడదు. మా రోజుల్లో హాలుకు కరెంటు లేదు. మస్తాన్ అనే ఆయన పెట్రోమాక్సు దీపాలు అద్దెకిచ్చేవాడు. ఊళ్ళో పెళ్ళిళ్ళకూ ఆయనే, నాటకాలకూ ఆయనే. నేను చేరక ముందు మా యజమాని పెద్ద ముహూర్తం ఉన్న రోజున నాటకం పెట్టేశాడట. దీపాలన్నీ పెళ్ళి పందిళ్ళకు పోయాయి. మహారాజు వేషగాడు సింహాసనం దగ్గరికి దారి కనబడక హరికేన్ లాంతరు చేత్తో పట్టుకుని సభలోకి వచ్చాడు. నేల మీంచి ఎవడో, "ప్రభువులవారూ, పాలేరు సెలవు పెట్టాడాండీ?" అని అరిచాడు. ఆ తర్వాత ఆ మహారాజు ఏ పద్యం ఎత్తుకున్నా జనం నవ్వుతూనే ఉన్నారట. మస్తాన్‌గారు ఆ ముచ్చట చెప్పినప్పుడల్లా, "నన్ను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేదండీ," అనేవాడు. అడగకపోవడం మా యజమానికి మొదటినుంచీ ఉన్న జబ్బు.

గూడెంలో నేర్చుకున్నది

ఏలూరుకు ముందు కొన్నాళ్ళు తాడేపల్లిగూడెంలో డేరా నాటకాలు ఆడించే కామయ్యగారి దగ్గర పనిచేశాను. దివాణం పిల్లవాడు డేరాల్లో కొలువుకు కుదిరాడని బంధువులు చాలా బాధపడ్డారు. వాళ్ళు ఎవరూ వేరే కొలువు చూపించలేదు.

రైలు దిగిన జనం కళ్ళబడుతుంది కదా అని నేను డేరాను స్టేషను ఎదురుగా వేయించాను. జనం రాలేదు. కామయ్యగారు మర్నాడే దాన్ని పీకించి, బెల్లం బళ్ళు విప్పే మైదానం పక్కన వేయించాడు. డేరా ముఖం కూడా బళ్ళ వైపుకే తిప్పాడు.

"అక్కడ దుమ్మండీ, పేడ కంపూనూ," అన్నాను.

"ఉంటే ఉండనివ్వండి బాబుగారూ. నాటకం చూసేవాడి రెండు కళ్ళూ మనవేననుకుంటున్నారు మీరు. ఒకటి ఎడ్ల మీదుంటదండీ. ఆ కంటికి ఎడ్లు కనపడితేనే రెండోది మనకి దక్కుతాది."

ఆ రోజు డేరా నిండింది. బళ్ళవాళ్ళు మధ్యమధ్య తల తిప్పి ఎడ్లను చూసుకుంటూ, మళ్ళీ ఇటు తిరిగి హాస్యగాడికి నవ్వుతూ కూర్చున్నారు. మనిషి తన పనిని ఇంట్లో వదిలేసి వినోదానికి రాడు. పనిని వెంటబెట్టుకునే వస్తాడు. దానికి కూడా చోటు చూపించగలిగినవాడే హాలు నడపగలడు. ఇది నేను కామయ్యగారి దగ్గర నేర్చుకున్నాను.

మా జిల్లా మర్యాద

ఏలూరు హాలు యజమాని నాగభూషణం శెట్టిగారు. ధాన్యం, గోనె సంచుల వ్యాపారి. వాళ్ళ నాన్నగారు మా తాతగారి దివాణానికి ధాన్యం కొనడానికి వచ్చి, పిలిచేదాకా అరుగు కింద నిలబడ్డ మనిషి. ఆ కొడుకు దగ్గర నేను జీతానికి కుదిరాను. ఆయన ఏనాడూ నన్ను పేరు పెట్టి పిలవలేదు, నేను కూర్చోకుండా తాను కూర్చోలేదు. అది మంచితనమే. కానీ అటువంటి యజమాని దగ్గర పని చెయ్యడం చాలా కష్టం. తప్పు చేస్తే తిట్టడు, మంచి చేస్తే మెచ్చుకోడు, ఏదైనా అడిగితే "మీకు తెలీందేముందండీ" అంటాడు.

మా జిల్లాలో మనిషికి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. సోడా వెచ్చగా ఉన్నా "పర్వాలేదండీ", బెంచీ మీద మేకు గుచ్చుకుని పంచె చిరిగినా "పర్వాలేదండీ". ఆ మాట అన్న మనిషి మళ్ళీ హాలు గడప తొక్కడు. ఎందుకు రావడం లేదో చెప్పడు. బజారులో కనబడితే నవ్వుతూ కుశలం అడుగుతాడు. కాబట్టి ఈ జిల్లాలో హాలు నడిపేవాడికి ఫిర్యాదులు అందవు. ఖాళీ చోటు చూసి ఫిర్యాదు ఏమిటో తానే ఊహించుకోవాలి.

ముందు వరస సోఫా

హాలుకు స్థలం ఇచ్చింది మా తాతగారు. కట్టింది శెట్టిగారి తండ్రి. మొదటి నాటకం రోజున తాతగారు వచ్చి కూర్చున్నాక తెర ఎత్తారు. అక్కడినుంచి అది ఆచారమైంది. ముందు వరస మధ్యలో ఏలూరు తివాచీ పరిచి, దాని మీద దివాణం వారి సోఫా వేసేవారు. గంట కొట్టినా దివాణం నుంచి పెద్ద వచ్చి కూర్చుని తల ఊపేదాకా తెర లేచేది కాదు.

నేను మేనేజరుగా చేరేనాటికి ఆ పెద్ద మా పెదనాన్న రామచంద్రరాయణింగారు. మంచి సంగీత జ్ఞానం ఉన్న మనిషి, ఎవరైనా పద్యం తప్పు పాడితే ఆయన ముఖం చూసే చెప్పవచ్చు. తాతగారు గంట కొట్టిన కాసేపటికే వచ్చేవారని పెద్దలు చెప్పేవారు. పెదనాన్నగారు మూడు ఊళ్ళూ ఉన్న రోజుల్లో కొంచెం ఆలస్యంగా వచ్చేవారు. ఊళ్ళు పోయినకొద్దీ ఆలస్యం పెరిగింది. గుర్రబ్బండి అమ్మేసి అద్దె జట్కాలో రావడం మొదలుపెట్టాక జనం ఆయన కోసం ఒక జాము కూడా కాచుకోవలసి వచ్చేది. చేతిలో ఇంకేమీ మిగలని మనిషికి ఇతరుల చేత ఎదురుచూపించే హక్కు మిగిలింది. దాన్ని ఆయన పూర్తిగా వాడుకున్నారు. ఇది ఆయన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణేమో.

సుందరమ్మగారి సమాజం

ఆ ఏడు మాఘమాసంలో సుందరమ్మగారి నాటక సమాజం మా హాల్లో దిగింది. సమాజమంటే ఒక కుటుంబమే. మరిది, అల్లుడు, కోడళ్ళు, మనవలు, అందరూ వేషాలు వేసేవారే. సుందరమ్మగారు యాభై దాటిన మనిషి, రాజు వేషం ఆవిడదే. కిరీటం పెట్టుకుంటే ఆడమనిషని ఎవరికీ తోచేది కాదు.

మొదటి వారం హాలు నిండింది. ఆ తర్వాత కుర్చీలు, బెంచీలు అలాగే ఉన్నాయి కాని నేల టిక్కెట్టు పలచబడింది. ఏ హాలైనా బతికేది నేల టిక్కెట్టు మీద. అదే సమయంలో బెజవాడ నుంచి ఒకాయన వచ్చి, రైలుకట్ట పక్కన డేరా వేసి మాటల సినిమా చూపిస్తున్నాడు. పక్కా హాలు కట్టడానికి ఆయన కాలవ గట్టున మా సంత స్థలం అడుగుతున్నాడు కూడా. నేను వద్దంటున్నాను, పెదనాన్నగారూ వద్దంటున్నారు. సంత రోజున కొల్లేటి లంక గ్రామాల నుంచి చేపలు, చాపలు, బాతు గుడ్లు వేసుకుని పడవలు వచ్చి ఆ గట్టునే కట్టుకుంటాయి. అమ్మకాలు అయ్యాక ఆ జనమే మా హాల్లో నేల మీద కూర్చునేది.

ఒక మధ్యాహ్నం సుందరమ్మగారు నన్ను పిలిపించారు. స్టేజీ మీద కోడలి చేత పద్యం వల్లె వేయిస్తున్నారు. ఆ అమ్మాయిని పంపించేసి అన్నారు:

"బాబుగారూ, మా మరిదినీ అల్లుణ్ణీ ఆ సినిమావాళ్ళు మద్రాసు రమ్మంటున్నారండీ. ఈ ఊళ్ళో జనం నిలబడితే వాళ్ళూ నిలబడతారు. లేకపోతే వెళ్ళిపోతారు. వాళ్ళెళితే నాకు మిగిలేది రంగు తెరలూ పసిపిల్లలూనండీ."

"జనం ఎందుకు తగ్గారో కనుక్కుంటాను."

"కనుక్కోవడానికి ఏముందండీ..." అని ఆగిపోయారు. తర్వాత గొంతు తగ్గించి, "పర్వాలేదు లెండి," అన్నారు.

ఆ గొంతు తగ్గడం నాకు అర్థమైంది.

యుద్ధం ఎవరూ చూడలేదు

సంత రోజున గట్టుకు వెళ్ళాను. లంకల నుంచి వచ్చే పడవలకు పెద్ద ఏడుకొండలు. అతని భార్య పోలమ్మ గట్టు మీద చాపలు పరిచి అమ్ముతోంది.

"ఏమయ్యా ఏడుకొండలూ, మీవాళ్ళు నాటకానికి రావడం మానేశారేం?"

"అబ్బే, మానెయ్యడమేంటండీ. వస్తన్నారండీ."

"నేల సగం ఖాళీగా ఉంది."

"చలి కదండీ."

"హాల్లో చలేమిటయ్యా?"

"అదేనండీ... పిల్లలకి జలుబులూ అయీ..."

పోలమ్మ చాప దులిపి పక్కన పడేసింది. "ఎందుకా దాపరికం? అయ్యగారడుగుతుంటే చెప్పవేం?"

"నువ్వూరుకోవే."

"నేనూరుకోను. చూడండి బాబుగారూ, మా మగాళ్ళు తెల్లారేసరికి కొల్లేట్లో వలలు తియ్యాలండీ. కోడి కూసేలోగా పడవలు కదలాలి. మీ పెదబాబుగారొచ్చి, తెర లేచి, రాజుగారు పెళ్ళాడి, అడవికెళ్ళి, యుద్ధానికి బయల్దేరేసరికి మా పడవ సగం దూరం వెళ్ళిపోతాది. ఈ నాటకమోళ్ళు వచ్చిన కాణ్ణించీ ఆ రాజు గెలిచాడో చచ్చాడో మాకు తెలవదు. మా మరిది గెలిచాడంటాడు, ఈయన చచ్చాడంటాడు, ఇంటికాడ రోజూ అదే తగువు."

"చచ్చే ఉంటాడండీ," అన్నాడు ఏడుకొండలు.

"ఆ సినిమా అయితే గంట కొట్టారంటే మొదలండీ. ఎవరొచ్చినా రాకపోయినా ఆ మరకి పట్టదు."

"మరి ఇన్నాళ్ళూ నాతో ఒక్కరూ చెప్పలేదే?"

ఏడుకొండలు నొచ్చుకున్నాడు. "పెదబాబుగారి మాట కదండీ. ఎలా అంటామండీ?"

విషయం అంతే. సుందరమ్మగారు భయంతో చెప్పలేదు, శెట్టిగారు గౌరవంతో చెప్పలేదు, లంకలవాళ్ళు భక్తితో చెప్పలేదు. అందరూ మర్యాద పాటించారు. ఆ మర్యాదలో ఒక కుటుంబం కూడు పోయేటట్టుంది.

శెట్టిగారు వినలేదు

మర్నాడు శెట్టిగారి కొట్టుకు వెళ్ళాను.

"రేపటినుంచి గంట కొట్టగానే తెర ఎత్తిస్తానండీ."

ఆయన చేతిలో ధాన్యం గింజలు వేళ్ళతో నలిపి చూస్తున్నారు. ఆ చెయ్యి ఆగింది. "పెదబాబుగారు?"

"వచ్చినప్పుడు వస్తారు."

"అమ్మమ్మమ్మ! ఆ మాట నా నోటంట రాదండీ. మా నాన్నగారు మీ అరుగు కింద చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డ మనిషండీ."

"అనవలసింది మీరు కాదు. నేనంటాను."

"అదేనండీ నేను చెప్పేది. అది మీ ఇంటి మాట. మీరూ మీరూ అనుకోండి. నేను వినలేదు."

"వినలేదంటే ఒప్పుకున్నట్టా?"

"వినలేదంటే వినలేదనేనండీ."

ఈ రకం యజమాని మీకూ తటస్థపడతాడు. సరే అనడు, కాదనడు. పని బాగా జరిగితే తన హాలు, చెడితే మీ తెలివితక్కువతనం. ఇటువంటి చోట లిఖిత అనుమతి కోసం కూర్చుంటే పని జరగదు. మీకు సరి అని తోచింది చేసి, ఫలితం మీ నెత్తిన పెట్టుకోవాలి. అది ఇష్టం లేనివారు వేరే ఉద్యోగం చూసుకోవడం మంచిది.

పెదనాన్నగారితో మాట

చెప్పకుండా తెర ఎత్తడం నాకు ఇష్టం లేకపోయింది. పెద్దవారిని పదిమందిలో నిలబెట్టడం మా ఇంటి పద్ధతి కాదు. ఆ సాయంత్రమే వెళ్ళాను. పెదనాన్నగారు వసారాలో కుర్చీలో కూర్చుని, తాళం వేస్తూ ఏదో రాగం తీస్తున్నారు.

"రేపు నాటకానికి వస్తున్నారా పెదనాన్నగారూ?"

"ఏం, రావద్దని చెప్పడానికి వచ్చావా?"

"రమ్మనే చెబుతున్నానండీ. గంటకు రండి."

"ఏ గంటకి?"

"తెర ఎత్తే గంటకు."

ఆయన నవ్వారు. "గంటకి వెళ్ళేది రైలుకిరా నరసింహం. నాటకానిక్కాదు."

"రైలుకయితే ముందే వెళ్ళి కూర్చుంటారుగా."

"రైలుకట్ట మా నాన్న ఇచ్చిన స్థలంలో లేదు." తాళం ఆపారు. "ఎవరు నేర్పార్రా నీకీ మాట? ఆ శెట్టా? ఆ రాజు వేషం వేసే ఆవిడా?"

"ఎవరూ నేర్పలేదు. నేల మీద కూర్చునే జనం రావడం లేదండీ."

"వాళ్ళు సగం నన్ను చూడ్డానికే వస్తారు."

"వచ్చేవారండీ."

ఆయన కుర్చీ చేతి మీద దుమ్ము వేళ్ళతో తుడిచారు. తర్వాత అడిగారు: "ఎవరన్నా అన్నారా?"

"ఎవరూ అనరండీ. మీ మీద గౌరవం. మాట్లాడకుండా పడవలెక్కి వెళ్ళిపోతున్నారు. వాళ్ళు రాకపోతే ఆ సమాజం విడిపోతుంది."

"సమాజాలు విడిపోతాయి. మన ఊళ్ళు పోలేదూ?"

 ఆయన కుర్చీలో వెనక్కి వాలి, మెల్లగా అన్నారు:

"సరే విను. ఆ బెజవాడాయన సంత స్థలం కోసం నాలుగుసార్లు ఈ వసారా ఎక్కాడు. నాకు అవసరం లేక కాదు వద్దంది. నువ్వూ ఆ పడవలవాళ్ళూ అడిగారని. తెర నాకోసం ఆగినన్నాళ్ళూ ఆ స్థలం మీకోసం ఆగుతుంది. ఆగని రోజున నా సగం నాకు పంచి ఇచ్చెయ్యి. నా ఇష్టం వచ్చినట్టు చేసుకుంటాను."

"అది బెదిరింపాండీ?"

"కాదురా. నువ్వు నాకు ముందుగా చెప్పావు, నేను నీకు ముందుగా చెప్పాను. అన్నం తిని వెళ్ళు."

తినే వచ్చాను. భోజనాల దగ్గర ఆయన ఈ ప్రస్తావన తేలేదు. సుందరమ్మగారికీ శెట్టిగారికీ స్థలం సంగతి నేను చెప్పలేదు. చెబితే ఇద్దరూ వద్దనేవారు, అప్పుడు నిర్ణయం వాళ్ళదయ్యేది.

గంట

మర్నాడు పొద్దున్న ఏడుకొండలుకు కబురు పంపాను, గంటకే తెర లేస్తుందని. నమ్మాడో లేదో గాని, సంత రోజు కాకపోయినా లంకల జనం పడవల్లో వచ్చారు. చీకటి పడేసరికి నేల నిండింది. మస్తాన్‌గారి దీపాలు వెలిగించారు. సోఫా, తివాచీ ఎప్పటిలాగే వేయించాను. గంట కొట్టించాను.

తెర తాడు పట్టుకునే వెంకన్న నా వైపు చూశాడు. "నిజంగానేనాండీ?"

"ఎత్తు."

"పెదబాబుగారు..."

"ఎత్తవయ్యా."

తెర లేచింది. స్టేజీ మీద దర్బారు, సింహాసనం మీద సుందరమ్మగారు. కానీ హాల్లో ఒక్కరూ స్టేజీ వైపు చూడటం లేదు. నేల, బెంచీలు, కుర్చీలు అన్నీ వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూస్తున్నాయి. అలవాటు అటువంటిది. సుందరమ్మగారు పద్యం మొదలుపెట్టారు. ఎవరూ తిరగలేదు. ఆవిడ పద్యం సగంలో ఆపి, సింహాసనం మీంచే గట్టిగా, "మంత్రీ! సభికులందరూ గుమ్మం వైపు చూచుచున్నారే, మా సింహాసనమును ఎవరైనా అటు మార్చినారా?" అన్నారు.

పోలమ్మ నవ్వు ముందు వినిపించింది. తర్వాత హాలంతా నవ్వింది, ముఖాలన్నీ ఇటు తిరిగాయి. ఆవిడ పద్యం మొదటినుంచీ ఎత్తుకున్నారు. అది అయ్యేసరికి వన్స్‌మోర్లు మొదలయ్యాయి.

రెండో రంగంలో జట్కా వచ్చి ఆగింది. నేను గుమ్మం దగ్గరికి వెళ్ళాను. పెదనాన్నగారు జరీ ఉత్తరీయం వేసుకుని, ఎప్పటిలా నిటారుగా గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తున్నారు.

"రండి పెదనాన్నగారూ. సోఫా వేసి ఉంచాను."

ఆయన కదల్లేదు. పద్యం వింటున్నారు. పద్యం పూర్తయ్యాక అన్నారు:

"నిండిందిరా."

"అవునండీ."

"పై స్వరం బాగా పట్టుకుంది ఆవిడ."

"లోపలికి వచ్చి వినండి."

"నేను నడిచి వెళితే వీళ్ళంతా లేచి నిలబడతారు. ఆట చెడుతుంది." ఉత్తరీయం సర్దుకున్నారు. "పొద్దున్న కరణాన్ని వెంటబెట్టుకుని రా. సంత స్థలం కొలిపిద్దాం."

వెనక్కి తిరిగి జట్కా ఎక్కారు. నేను ఆపలేదు. ఆపితే ఆగే మనిషి కాదు, బతిమాలే అలవాటు నాకూ లేదు.

ఆ రోజు లంకలవాళ్ళు యుద్ధం చూశారు. రాజు గెలిచాడు. ఏడుకొండలు మాత్రం చివరిదాకా నమ్మలేదని పోలమ్మ చెప్పింది.

తర్వాత

సుందరమ్మగారి సమాజం చైత్రం దాకా మా హాల్లో ఆడింది. నేల ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. మరిదీ అల్లుడూ మద్రాసు మాట ఎత్తలేదు. మా హాలు నుంచి తణుకు వెళ్ళారు, ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు ఒకే సమాజంగా తిరిగారు. వెళ్ళేముందు సుందరమ్మగారు నాకు నమస్కారం పెట్టి, "పెదబాబుగారు మళ్ళీ రాలేదేమండీ?" అని అడిగారు. వారికి ఒంట్లో బాగుండటం లేదన్నాను.

శెట్టిగారు ఆ సీజను లాభాలు చూసుకుని, ఇకపైన గంటకే తెర ఎత్తాలని స్వయంగా బోర్డు రాయించి పెట్టించారు. దివాణం వారి సోఫాను మాత్రం తీయించలేదు. అది అలాగే ఖాళీగా ఉండేది. ఎవరూ కూర్చోలేదు.

పెదనాన్నగారితో నాకు మాటలు ఆగలేదు. పండగలకు వెళ్ళేవాణ్ణి, ఆయన ఎప్పటిలా భోజనం పెట్టించేవారు. నాటకం మాట మాత్రం మా మధ్య మళ్ళీ రాలేదు.

నేను చేసింది సరైనదని ఇప్పటికీ అనుకుంటున్నాను. గంట కొట్టాక ఎవరికోసమూ తెర ఆపకండి. సొంతవాళ్ళయితే అసలే ఆపకండి. అయితే దాని వల్ల నష్టం ఎవరి మీద పడుతుందో ముందుగా కూర్చుని ఆలోచించుకోండి. నేను నా మీదా పెదనాన్నగారి మీదా పడుతుందనుకున్నాను. మర్నాడే పిలిచినా, కరణం తీరుబడి చేసుకుని వేసవిలో కొలిచి పంచాడు. కాలవ వైపు సగం పెదనాన్నగారి వంతుకు వచ్చింది. ఆయన అన్నమాట ప్రకారం దాన్ని బెజవాడాయనకు అమ్మేశారు. వారం తిరక్కుండా గట్టు పొడుగునా ముళ్ళకంచె లేచింది. సంత రోజున పడవలు కాలవ లాకుల అవతల కట్టుకుని, ఆడవాళ్ళు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని ఎండలో సందు వెంట మిగిలిన వెనక సగంలోకి నడిచి రావలసి వచ్చింది.

పోలమ్మ గంప దింపి చెమట తుడుచుకుంటూ, "యుద్ధం చూపించారు బాబుగారూ, రేవు లేకుండా చేశారు," అంది.  ఆ తర్వాత రెండు మూడు వారాలకే సంత కూడా వాళ్ళ వెనకే లాకుల అవతలికి పోయింది.

వెనక సగం నా వంతు. దానికి కాలవ వైపు తప్ప బండి వెళ్ళే దారి లేదు. వానలు పడకముందే దాన్ని కూడా ఆ బెజవాడాయనకే అమ్మాను.